టికెట్ కొనకుండా డిస్నీ వరల్డ్ హోటళ్లు తిరిగి చూడటం ఎలా?

మా అత్తగారూ మామగారూ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఆర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లాం. పొద్దున తొమ్మిదింటికి అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు లోపలికి వెళ్తే, మధ్యాహ్నం రెండింటికల్లా అత్తయ్య మోకాళ్లు పట్టుకుని నీడలో బల్ల మీద కూర్చుండిపోయారు. "మీరు పిల్లల్ని తిప్పుకోండి, నేనిక్కడే ఉంటాలే" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇద్దర్నీ తీసుకుని పార్కు బయటికొచ్చి, గేటు ముందు రేవులో ఆగి ఉన్న చిన్న పడవ ఎక్కించాను. అది నీళ్ల మీదుగా వైల్డర్‌నెస్ లాడ్జ్ అనే హోటల్ దగ్గర దింపింది. ఆ లాబీలో పెద్ద రాతి పొయ్యి ముందు కుర్చీల్లో గంటసేపు కూర్చున్నాం. ఊరికి తిరిగి వెళ్లాక వాళ్లు చుట్టుపక్కల వాళ్లకి ముందుగా చెప్పింది ఆ పడవ సంగతేనట.

అప్పట్నుంచి మా ఇంటికి పెద్దవాళ్లు ఎవరొచ్చినా, ఒక రోజు హోటళ్ల కోసమే ఉంచుతున్నాం. పార్కు టికెట్ ఒక్కొక్కరికి రోజుకు 119 డాలర్ల దగ్గర మొదలై రద్దీ రోజుల్లో 200 కూడా దాటుతుంది. హోటళ్ల మధ్య తిరిగే మోనోరైల్, పడవలు, కేబుల్ కార్లు, బస్సులు మాత్రం పూర్తిగా ఫ్రీ. రైడ్లు ఎక్కలేని పెద్దవాళ్లకీ, మరీ చిన్న పిల్లలున్న వాళ్లకీ ఇంతకంటే హాయైన రోజు అక్కడ ఇంకోటి లేదని నా నమ్మకం. కాకపోతే ప్లాన్ లేకుండా వెళ్తే రోజంతా బస్టాపుల్లోనే గడిచిపోతుంది.

ముందు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి

హోటల్ నుంచి హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. ప్రతి హోటల్ నుంచీ బస్సులు పార్కులకీ, డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపింగ్ ప్రాంతానికీ వెళ్తాయి, అంతే. ఈ స్థలం మొత్తం దాదాపు 25,000 ఎకరాలు. ఈ మూల హోటల్ నుంచి ఆ మూల హోటల్‌కి వెళ్లాలంటే మధ్యలో ఏదో ఒక పార్కు దగ్గర దిగి బస్సు మారాలి. ఒక్కో మార్పుకీ సులువుగా గంట పోతుంది.

అందుకని పేరు బాగుందనో, ఫోటో బాగుందనో హోటళ్లు ఎంచుకోకండి. ఏవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయో చూసి ఎంచుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్ ఎదురుగా ఉన్న నీళ్ల చుట్టూ ఒక గుంపు ఉంది, వాటిని మోనోరైల్, పడవలు కలుపుతాయి. ఎప్కాట్ అనే ఇంకో పార్కు వెనక గేటు దగ్గర మరో గుంపు ఉంది, అక్కడ స్కైలైనర్ అనే కేబుల్ కారు, పడవలు, నడక దారులు ఉన్నాయి. రోజుకు ఒక్క గుంపు. పెద్దవాళ్లతో అయితే అందులోనూ మూడు నాలుగు హోటళ్లు చాలు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

మీరు డిస్నీ హోటల్లోనే దిగి ఉంటే ఏ టెన్షన్ లేదు, గదిలోంచి బయటికి వచ్చి ఎక్కేయడమే. బయట హోటల్లో ఉన్నా, టాంపా నుంచో జాక్సన్‌విల్ నుంచో కారులో వచ్చినా మూడు దారులున్నాయి.

నేను అందరికీ చెప్పే దారి, ఒక హోటల్లో భోజనానికి రిజర్వేషన్ చేసుకోవడం. 60 రోజుల ముందు నుంచి డిస్నీ యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. ఆ హోటల్ గేటు దగ్గర గార్డుకి రిజర్వేషన్, గుర్తింపు కార్డు చూపిస్తే కారు లోపల పెట్టుకోనిస్తారు, పార్కింగ్‌కి డబ్బు తీసుకోరు. ఎలాగూ ఎక్కడో ఒకచోట తినాలి కదా. బుక్ చేసి మానేస్తే మాత్రం మనిషికి 10 డాలర్లో, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువో కార్డు మీద పడుతుంది, కుదరకపోతే ముందే రద్దు చేసుకోండి.

రెండో దారి, పార్కు పార్కింగ్‌లో డబ్బు కట్టి కారు పెట్టడం. 30 డాలర్లకు తక్కువ ఉండదు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగ్ పక్కనే టికెట్ సెంటర్ ఉంటుంది, మోనోరైల్ అక్కడి నుంచే బయలుదేరుతుంది. పార్కు లోపలికి వెళ్తేనే టికెట్ అడుగుతారు, మోనోరైల్‌కి అడగరు.

మూడోది, ఎలాగూ పార్కు టికెట్ కొన్న రోజున మధ్యాహ్నం ఎండ వేళ బయటికి వచ్చి ఒకటి రెండు హోటళ్లు చూసుకుని, సాయంత్రం అదే టికెట్‌తో మళ్లీ లోపలికి వెళ్లడం. ఖర్చు అదనంగా పైసా ఉండదు. మేము మొదటిసారి చేసింది ఇదే.

డిస్నీ స్ప్రింగ్స్‌లో పార్కింగ్ ఫ్రీ కాబట్టి అక్కడ కారు పెట్టి హోటల్ బస్సు ఎక్కేయొచ్చని చాలామంది సలహా ఇస్తారు. దాని మీద ఆధారపడకండి. అక్కడ బస్సు ఎక్కేముందు గది బుకింగో, భోజనం రిజర్వేషనో చూపించమని అడుగుతున్న సందర్భాలున్నాయి. ఇద్దరు పెద్దవాళ్లని వెంటబెట్టుకుని బస్టాపులో వాదన పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. బయలుదేరే ముందు డిస్నీ వెబ్‌సైట్‌లో ఆ రోజు నిబంధన చూసుకోండి. డిసెంబర్ సెలవుల్లో అయితే హోటల్ గేట్ల దగ్గర కూడా గట్టిగా అడుగుతారు.

మొదటి రోజు: మోనోరైల్, పడవలు

టికెట్ సెంటర్‌లో రెండు మోనోరైళ్లు మ్యాజిక్ కింగ్‌డమ్ వైపు వెళ్తాయి. ఒకటి ఎక్స్‌ప్రెస్, మధ్యలో ఎక్కడా ఆగదు. మీరు ఎక్కాల్సింది రిసార్ట్ మోనోరైల్. పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, మ్యాజిక్ కింగ్‌డమ్, కాంటెంపరరీ, మళ్లీ టికెట్ సెంటర్, ఈ వరసలో ఒకే వైపుకి తిరుగుతుంది. వెనక్కి తిరిగి రాదు. ఒక స్టేషన్ దాటిపోతే కంగారు పడకండి, కదలకుండా కూర్చుంటే ఇరవై నిమిషాల్లో మళ్లీ అక్కడికే వస్తుంది. టికెట్ సెంటర్‌లో, హోటల్ స్టేషన్లలో ఎక్కే ముందు బ్యాగులు తనిఖీ చేస్తారు. ఆ రోజుకి ఒక్క చిన్న బ్యాగే పెట్టుకోండి.

మొదట పాలినీషియన్‌లో దిగండి. 1971 అక్టోబర్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో పాటే తెరిచిన రెండు హోటళ్లలో ఇదొకటి. లాబీ దాటి వెనక్కి వెళ్తే ఇసుక ఒడ్డు, దాని ముందు నీళ్లు, అవతల సిండరెల్లా కోట కనిపిస్తాయి. ఆ నీళ్లు సహజంగా ఉన్నవి కావు. పార్కు కట్టే చోటు ఎత్తు చేయడానికి మట్టి తవ్వితే ఏర్పడిన చెరువు అది, పేరు సెవెన్ సీస్ లగూన్. బీటిల్స్ బృందం విడిపోయే కాగితాల మీద జాన్ లెన్నన్ 1974 డిసెంబర్‌లో సంతకం పెట్టింది ఈ హోటల్లోనే. పైనాపిల్ లానై అనే చిన్న కౌంటర్‌లో డోల్ విప్ అమ్ముతారు. పైనాపిల్‌తో చేసే చల్లటి సాఫ్టీ, పాలు కలపరు. ఒకటి తీసుకుని ఇద్దరు తినండి, పెద్దదే ఇస్తారు.

అక్కడి నుంచి గ్రాండ్ ఫ్లోరిడియన్‌కి నీళ్ల పక్కనే నడక దారి ఉంది. నడవగలిగితే నడవండి, లేకపోతే మోనోరైల్. తెల్లటి గోడలు, ఎర్రటి కప్పులతో 1988లో తెరిచిన హోటల్ ఇది. లాబీ ఐదంతస్తుల ఎత్తు, పైన షాండ్లియర్లు. చాలా సమయాల్లో కింద ఒకాయనో ఒకావిడో పియానో వాయిస్తూ ఉంటారు. అక్కడ సోఫాల్లో కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. అత్తయ్య ఇక్కడ చెప్పులు విప్పి పక్కన పెట్టబోయారు, "ఇంత శుభ్రంగా ఉందే" అని. చాలా ఏళ్లు క్రిస్మస్ నెలలో లాబీలో మనిషి లోపల నిలబడేంత జింజర్‌బ్రెడ్ ఇల్లు కట్టారు. నిజమైన బ్రెడ్డే, వాసన తలుపు దాకా వచ్చేది.

తర్వాత స్టేషన్ మ్యాజిక్ కింగ్‌డమ్. దిగి, గేటు లోపలికి వెళ్లకుండా పడవల రేవు వైపు నడవండి. వైల్డర్‌నెస్ లాడ్జ్ అని రాసి ఉన్న లైన్ చూసుకోండి, తెలియకపోతే అక్కడి సిబ్బందిని అడగండి, వాళ్లే ఎక్కిస్తారు. పడవ బే లేక్ అనే సరస్సులోకి వెళ్తుంది. పార్కు గోల తగ్గిపోయి, చుట్టూ చెట్లు, నీళ్లే కనిపిస్తాయి. ఈ రోజంతటిలో నాకు ఇష్టమైన పది నిమిషాలు ఇవి.

వైల్డర్‌నెస్ లాడ్జ్‌లో కనీసం గంట ఉండండి. లాబీ మొత్తం దుంగలతో కట్టినట్టు ఉంటుంది. పొయ్యి 82 అడుగుల ఎత్తు. దాని రాళ్లు రకరకాల రంగుల్లో పొరలు పొరలుగా కనిపిస్తాయి, అవి గ్రాండ్ కాన్యన్ రాతి పొరలని చూపిస్తాయి. కింది నుంచి పైకి మెల్లగా చూడమని మీ నాన్నగారికి చెప్పండి. హోటల్ లోపల మొదలైనట్టు కనిపించే వాగు బయటికి పారి, వెనక కొలను వైపు వెళ్తుంది. సరస్సు ఒడ్డున వేడి నీటి ఊటలా కట్టిన ఫౌంటెన్ ఒకటి ఉండి ఉండి పైకి చిమ్ముతుంది.

ఇక్కడి నుంచి కాంటెంపరరీకి పడవ ఉంటే ఎక్కండి. లేదంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి పడవలోనే తిరిగి వచ్చి అక్కడి నుంచి నడవండి, పది నిమిషాల దారి. కాంటెంపరరీ బయట నుంచి చూస్తే ఇంగ్లీషు A అక్షరంలా వాలుగా ఉన్న పెద్ద కట్టడం. అసలు సంగతి లోపల ఉంది. మోనోరైల్ ఆ భవనం మధ్యలోంచి, మీ తల మీదుగా వెళ్తుంది. పిల్లలు దీన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. మధ్యలో 90 అడుగుల ఎత్తు టైల్స్ చిత్రం ఉంటుంది, మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి గీసింది. అందులో మోనోరైల్ పట్టాల వైపు ఒక మేకకి ఐదు కాళ్లుంటాయి. ఎవరు ముందు కనిపెడతారో పందెం వేసుకోండి. 1973 నవంబర్‌లో అధ్యక్షుడు నిక్సన్ "నేను దొంగని కాను" అన్న మాట అన్నది ఈ హోటల్లో జరిగిన సమావేశంలోనే. రాజకీయాలు ఇష్టంగా చదివే మామయ్యకి ఆ మాట చెప్పగానే అలసట ఎగిరిపోయింది.

రెండో రోజు: గాల్లో వెళ్లి, నీళ్ల మీద తిరిగి రావడం

ఒక్క రోజే ఉంటే ఏది చేయాలని అడిగితే, పిల్లలున్న వాళ్లకి నేను దీన్నే చెబుతాను. మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగుస్తుంది, చివరి చిన్న ముక్క తప్ప ఒకే దారిలో రెండుసార్లు వెళ్లే పని లేదు.

స్కైలైనర్ 2019 సెప్టెంబర్‌లో మొదలైంది. ఒక్కో క్యాబిన్‌లో పది మంది దాకా పడతారు. పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్లకి కలిపి ఒకే స్టేషన్, రెంటి మధ్య ఉన్న చెరువు దగ్గర. అక్కడ ఎక్కే ముందు ఓ గంట ఇటూ అటూ తిరగండి. పాప్ సెంచరీలో 1950ల నుంచి 1990ల దాకా ఒక్కో దశాబ్దానికి గుర్తుగా భవనమంత ఎత్తున రూబిక్స్ క్యూబ్, బౌలింగ్ పిన్నులు, యోయోలు నిలబెట్టారు. వంతెన దాటితే ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో లయన్ కింగ్, కార్స్, నీమో సినిమాల బొమ్మలు. అంత పెద్ద సింబాని చూసి మా చిన్నోడు అక్కడి నుంచి కదలనన్నాడు.

స్కైలైనర్ ఎక్కితే మొదట కరీబియన్ బీచ్ అనే హోటల్ చేరతారు. అన్ని లైన్లూ కలిసే జంక్షన్ అదే. ఇక్కడ దిగి ఎప్కాట్ అని రాసి ఉన్న లైన్‌లోకి మారాలి. ఆ దారిలో మధ్య స్టేషన్ రివియేరా అనే హోటల్. ఓపిక ఉంటే దిగి, గోడల మీద మొజాయిక్ చిత్రాలు చూసి మళ్లీ ఎక్కండి. లేకపోతే కూర్చునే ఉండండి.

క్యాబిన్లు పూర్తిగా ఆగవు, మెల్లగా కదులుతూ ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, వీల్‌చెయిర్ వాళ్లు ముందే సిబ్బందికి చెప్తే పక్కన క్యాబిన్ పూర్తిగా ఆపి ఎక్కించే చోటు ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, మన పెద్దవాళ్లు ఈ విషయంలో అనవసరంగా ఇబ్బంది పడతారు. లోపల ఏసీ ఉండదు, గాలి వస్తుంది. మెరుపులు మొదలైతే ఆపేస్తారు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫ్లోరిడాలో మధ్యాహ్నాలు ఉరుములు మామూలే కాబట్టి, ఆ నెలల్లో ఈ ప్రయాణం పొద్దున్నే ముగించుకోవాలి.

చివరి స్టేషన్ ఎప్కాట్ వెనక గేటు దగ్గర. గేటు వైపు వెళ్లకుండా పక్కకి నడిస్తే ఐదు పది నిమిషాల్లో బీచ్ క్లబ్ హోటల్, దాని పక్కనే యాట్ క్లబ్ హోటల్, చెరువు అవతల బోర్డ్‌వాక్ హోటల్. చెక్క పలకలు పరిచిన బోర్డ్‌వాక్ దారి అమెరికా తూర్పు తీరంలో పాతకాలపు అట్లాంటిక్ సిటీని తలపించేలా కట్టారు. సాయంత్రం దీపాలు వెలిగాక నీళ్లలో వాటి నీడలు చూస్తూ నడవడానికి ఇక్కడ ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇంకాస్త ముందుకి వెళ్తే స్వాన్, డాల్ఫిన్ హోటళ్లు, కప్పుల మీద పేరుకి తగ్గట్టే హంసలు, చేపల విగ్రహాలు. అవి దూరం నుంచి చూస్తే సరిపోతుంది.

తిరుగు ప్రయాణానికి బోర్డ్‌వాక్ రేవులో ఫ్రెండ్‌షిప్ అని పిలిచే పడవ ఎక్కండి. రెండు వైపులకీ వెళ్తాయి కాబట్టి హాలీవుడ్ స్టూడియోస్ పార్కుకి వెళ్లేదేనా అని అడిగి ఎక్కండి. ఆ పార్కు గేటు బయటే దిగుతారు, స్కైలైనర్ స్టేషన్ కూడా గేటు బయటే. అక్కడి నుంచి కరీబియన్ బీచ్, మళ్లీ మారి పాప్ సెంచరీ. కారు హాలీవుడ్ స్టూడియోస్ పార్కింగ్‌లో పెట్టి ఉంటే ఇదే చుట్టు అక్కడి నుంచి మొదలుపెట్టుకోండి.

ఒక పూట యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్

ఈ హోటల్ ఏ గుంపులోనూ చేరదు. బస్సు తప్ప వేరే దారి లేదు. అయినా దీని కోసం ఒక పూట ప్రత్యేకంగా ఉంచమంటాను. వెనక గడ్డి మైదానంలో జిరాఫీలు, జీబ్రాలు, ఇంతింత కొమ్ములున్న అంకోలే పశువులు తిరుగుతుంటాయి. వాటిని చూడటానికి డబ్బేమీ లేదు. ఒంగోలు గిత్తల్ని చూస్తూ పెరిగిన మామయ్య ఆ కొమ్ముల ముందు నుంచి కదల్లేదు. పొద్దునో, సూర్యుడు వాలే ముందో వెళ్లండి, ఎండ వేళ అవి నీడకి పోతాయి.

హోటల్ రెండు భాగాలు, జాంబో హౌస్, కిడానీ విలేజ్. జాంబో లాబీలో నైజీరియా ఇగ్బో ప్రజల ఇజెలె ముసుగు తప్పక చూడండి. కిడానీలో సనా అనే రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటకీ మన దేశపు రుచులకీ కలిపి వండుతారు. కిటికీ పక్క బల్ల దొరికితే తింటూ జంతువుల్ని చూడొచ్చు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అడగండి. నాన్, ఉల్లిపాయ కుల్చా లాంటి రొట్టెలతో పాటు రైతా, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఇంకా చాలా వస్తాయి. నాలుగు రోజులుగా బర్గర్లు, పిజ్జాల మధ్య నలిగిపోయిన మా అత్తయ్య ఆ పళ్లెం చూసి కళ్లు పెద్దవి చేశారు. శాకాహారులైతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పండి, జాగ్రత్తగా వింటారు. పార్కింగ్ కోసం చేసుకునే రిజర్వేషన్ ఇక్కడే చేసుకుంటే రెండు పనులూ తీరతాయి.

పాటించాల్సినవి

మనం అక్కడ గది తీసుకున్నవాళ్ల మధ్య తిరుగుతున్న అతిథులం. లాబీలు, షాపులు, తోటలు, ఒడ్డులు, రెస్టారెంట్లు అందరివీ. కొలనులు గది ఉన్నవాళ్లవి మాత్రమే. బీచ్ క్లబ్ ఇసుక కొలను చూస్తే పిల్లలు దిగుతామంటారు, దిగనివ్వకండి. గదుల వరండాల్లోకి వెళ్లి ఫోటోలు తీయొద్దు.

నీళ్ల బాటిల్ కొనకండి, ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్లు ఊరికే ఇస్తారు. బస్సులో స్ట్రాలర్ మడవాల్సి ఉంటుంది, మోనోరైల్‌లో, స్కైలైనర్‌లో మామూలు సైజు స్ట్రాలర్ తెరిచే ఎక్కించొచ్చు. ఇంటి నుంచి పులిహోరో చపాతీలో తెచ్చుకుంటే బయట బల్లల మీద తినొచ్చు, మేము ప్రతిసారీ తెచ్చుకుంటాం.

రాత్రి తిరిగి వచ్చేటప్పుడు

బాణాసంచా చూడాలంటే మొదటి రోజు రాత్రి పాలినీషియన్ ఒడ్డుకి అరగంట ముందే చేరండి. చెరువు మీదుగా కోట వెనక వెలుగులు కనిపిస్తాయి. అయిపోగానే లేచి పరిగెత్తకండి. అదే సమయానికి పార్కు జనమంతా మోనోరైల్ మీద పడతారు. పాలినీషియన్ నుంచి టికెట్ సెంటర్‌కి నడక దారి ఉంది, కారు అక్కడ ఉంటే నడిచే వెళ్లిపోవచ్చు. నడవలేని వాళ్లుంటే ఇసుక మీదే ఇంకాసేపు కూర్చోండి. వాన, గాలి లేని రాత్రుల్లో తొమ్మిది ప్రాంతంలో దీపాలతో చేసిన తిమింగలాలు, తాబేళ్లు, డ్రాగన్ బొమ్మలు పడవల మీద వరసగా ఆ ఒడ్డు ముందు నుంచి పాటతో వెళ్తాయి. 1971 నుంచి నడుస్తున్న ఊరేగింపు అది. అది దాటిపోయాక స్టేషన్‌కి వెళ్తే లైన్ బాగా తగ్గి ఉంటుంది, పెద్దవాళ్లకి మోనోరైల్‌లో సీటు దొరుకుతుంది.